సముద్రానికి కట్ట కట్టిన లింగమూర్తి

శేరిలింగంపల్లి లింగమూర్తి నలభై రెండేళ్ళు వచ్చినా సముద్రం చూడలేదు. అందులో వింతేమీ లేదు. ఆ ఊళ్ళో చూడనివాళ్ళే ఎక్కువ. వింతల్లా అతని ఉద్యోగం. ఓడలూ లాంచీలూ పోతుంటే నీళ్ళలో ఎలాంటి అలలు లేస్తాయో, అవి ఎంతదూరం పోయి దేనికి తగులుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టి బొమ్మ గీసి చూపించడం అతని పని. అదీ ఎక్కడ? సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన మాదాపూర్ రాళ్ళగుట్టల మీద.

మీరు నమ్మకపోతే తప్పు మీది కాదు. ఆ తొంభై తొమ్మిదో సంవత్సరంలో అటువైపు నమ్మశక్యం కానివి చాలానే జరుగుతుండేవి. నిరుడు మేకలు మేసిన చోట ఈ ఏడు అద్దాల గోడలు లేచాయి. వాటిలో మెడకు గుర్తింపు కార్డులు తగిలించుకున్నవాళ్ళు చలికి వణుకుతూ కూర్చునేవారు. బయట మాత్రం ఎండ మాడ్చేసేది. అలాంటి చోట ఒకాయన సముద్రం లెక్కలు కడుతున్నాడంటే ఎవరూ వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

లింగమూర్తి బీఎస్సీ లెక్కలు చదివి జీడిమెట్లలో మోటారు పంపులు చేసే ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాడు. ఎనభై ఆరులో ఆ ఫ్యాక్టరీకి ఒక కంప్యూటర్ వచ్చింది. యజమాని దానికి దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పించాడు. ఆ గుడ్డ ఎనిమిది నెలలు కదల్లేదు. తొమ్మిదో నెలలో లింగమూర్తి దాన్ని తీసి మడతపెట్టి, కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాష నేర్పే పాత పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. గొట్టాల్లో నీళ్ళు ఎలా పరిగెడతాయో, ఉన్నట్టుండి వాల్వు మూస్తే ఎలా ఎగిరిపడతాయో లెక్కగట్టే ప్రోగ్రాం రాశాడు. రాయమని ఎవరూ అడగలేదు, రాశాక ఎవరూ చూడలేదు. తర్వాత గొట్టాలు వదిలి కాలవల్లోకి, కాలవలు వదిలి చెరువుల్లోకి దిగాడు. తొంభై తొమ్మిది దాకా, పన్నెండేళ్ళు అలా రాస్తూనే ఉన్నాడు.

తొంభై ఏడులో ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడ పంపులు అమ్మే పని చేసిన రవీందర్ మాత్రం మూతపడే రకం కాదు. ముప్ఫై ఏళ్ళవాడు, నోరు తెరిస్తే ఎడారిలో కూడా గొడుగులు అమ్మగలడు. హైటెక్ సిటీ పక్కన ఒక కొత్త భవనంలో మూడో అంతస్తు సగం కిరాయికి తీసుకుని పన్నెండు కుర్చీల కంపెనీ పెట్టాడు. పదకొండు కుర్చీల్లో అందరూ ఒకటే పని చేసేవారు: పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోటల్లా వెతికి నాలుగంకెలు చేయడం. లేకపోతే రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పంతొమ్మిదివందలని భ్రమపడి బోర్లా పడతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఆ పనిని అందరూ వైటుకే అనేవారు. పన్నెండో కుర్చీ కిటికీ పక్కన ఉండేది. అది లింగమూర్తిది.

రవీందర్ అచ్చువేయించిన మెరుపు కాగితంలో ఆ కుర్చీ పేరు "సముద్ర విభాగం". పక్కన లింగమూర్తి ఫోటో, వెనకాల ఎక్కడినుంచో తెచ్చి అతికించిన తెల్ల ఓడ, కింద "తీరప్రాంతంలో విశేష అనుభవం" అని రెండు వరుసలు. అది చూసి లింగమూర్తికి చెమటలు పట్టాయి.

"ఏ తీరం రవీందర్, నేనెన్నడు పోయిన?" అన్నాడు.

"చెరువుకు తీరం ఉండదా మూర్తన్నా? నువ్వు చెరువు గట్టుమీదనే పెరిగినవ్ కదా. అబద్ధమేం రాయలే."

లింగమూర్తి ఆ కాగితాన్ని మడిచి బల్ల సొరుగులో పెట్టాడు. అతనిది వాదించే నోరు కాదు. పైగా ఒక ఆశ ఉంది. పన్నెండేళ్ళ ప్రోగ్రాం ఒక్కసారైనా, ఒక్కరికైనా పనికొస్తే చూడాలి. అంతకుమించి అతను ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ ఆశకి ఎదురుగా ఒకటే భయం: పని దొరక్కపోతే రవీందర్ ఆ కుర్చీని కూడా వైటుకే వరసలోకి జరిపేస్తాడు, ప్రోగ్రాం బీరువాలోకి పోతుంది.

మార్చి నెలలో పని దొరికింది. తూర్పు తీరంలో ఒక చిన్న రేవు. సముద్రం నుంచి లోపలికి ఉప్పుటేరు ఒకటి పోతుంది. అందులో రోజుకు నాలుగుసార్లు పెద్ద లాంచీ తిరుగుతుంది. ఒడ్డున జెట్టీ దగ్గర చేపల పడవలు కట్టి ఉంటాయి. లాంచీ పోయాక ఆ పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుని, తాళ్ళు తెగి, పలకలు పగులుతున్నాయని మూడేళ్ళుగా ఫిర్యాదు. రెండు పెద్ద సంస్థలు వచ్చి లెక్కలు కట్టి, లాంచీ అలలు చాలా చిన్నవి, వాటివల్ల ఏమీ కాదని రాసిచ్చి వెళ్ళాయి. పడవలు మాత్రం పగులుతూనే ఉన్నాయి. చివరికి రేవువాళ్ళు చవకలో ఇంకొకరిని అడుగుదామని చూస్తే రవీందర్ మెరుపు కాగితం చేతికి తగిలింది.

లోతులు రాసిన పటం ఒక్కటి పోస్టులో వచ్చింది. నిండా అంకెలే. లింగమూర్తి ఆ నీటిని వరి పొలాన్ని మళ్ళు కట్టినట్టు వేలకొద్దీ గళ్ళుగా కోశాడు. ప్రతి గడికీ ఒకటే ప్రశ్న: నీ పక్క గడిలో నీళ్ళు నీకన్నా ఎత్తుగా ఉన్నాయా, తక్కువగా ఉన్నాయా? ఎత్తుగా ఉంటే నీలోకి వస్తాయి, తక్కువగా ఉంటే నీలోంచి పోతాయి. ఈ ప్రశ్నని అర సెకనుకోసారి అన్ని గళ్ళనీ అడిగితే నీళ్ళు కదులుతాయి. వాటి మీద లాంచీని ఒక బరువుగా పెట్టి నడిపిస్తే అలలు లేస్తాయి. ఒకసారి నడిచాక ఆ బొమ్మని దాచుకుని ఎన్నిసార్లయినా చూడొచ్చు గానీ, ఆ ఒక్కసారి నడపడానికి కంప్యూటర్‌కి నలభై నిమిషాలు పట్టేది. లింగమూర్తి ఈలోగా రెండు టీలు తాగి, పక్క కుర్చీలవాళ్ళకి ఏ సంవత్సరం లీపు సంవత్సరమో చెప్పేవాడు.

ప్రోగ్రాంలో ముక్కలకి అతను పెట్టిన పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలే. ఆరు అక్షరాలు దాటకూడదని ఫోర్ట్రాన్ నియమం. అందుకని ఒకటి ALALU, ఒకటి PADAVA, నీటి అంచున పెట్టేది KATTA. తెరమీద లాంచీ వెనక అలలు రెండు పాయలుగా విచ్చుకున్న మొదటి రోజు లింగమూర్తి కూతురి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తెచ్చి తెరకు ఆనించి కొలిచాడు. పుస్తకంలో ఆ పాయల మధ్య కోణం ముప్ఫై తొమ్మిది డిగ్రీలని ఉంది. తెరమీద నలభై ఒకటి వచ్చింది. ఆ రెండు డిగ్రీలు కంప్యూటర్ కొవ్వని తేల్చి ఇంటికి వెళ్ళి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఏప్రిల్ మొదట్లో ఒక మంగళవారం రేవు తరఫున వెంకటనారాయణగారు వచ్చారు. ముప్ఫై ఏళ్ళు ఓడల్ని జాగ్రత్తగా రేవులోకి నడిపించిన పైలట్. ఇప్పుడు రిటైరై సలహాదారు. తెల్ల బుష్‌షర్టు, చేతిలో గొడుగు, ఎండకి కాలి గట్టిపడ్డ ముఖం. నగరంలో వేరే పనులు కూడా ఉన్నాయట, శనివారం దాకా ఉంటానన్నారు. రవీందర్ ఆయనకి సముద్ర విభాగాన్ని, అంటే కిటికీ పక్క కుర్చీని, చూపించాడు. లింగమూర్తి లేచి నమస్కారం పెట్టి బొమ్మ నడిపించాడు.

నీలం నీళ్ళ మీద లాంచీ బయల్దేరింది. అలలు అందంగా విచ్చుకున్నాయి. వెంకటనారాయణగారు ముందుకు వంగి "భేష్" అన్నారు. రవీందర్ ఛాతీ ఉబ్బింది. లాంచీ సముద్రంలోకి వెళ్ళిపోయింది. అలలు కూడా దాని వెంట సముద్రంలోకి వెళ్ళాయి. అక్కడితో ఆగితే బాగుండేది. అవి వెళ్ళినవి వెళ్ళినట్టే వెనక్కి తిరిగి ఉప్పుటేరులోకి వచ్చాయి. ఇటు కొసకు తగిలి మళ్ళీ అటు పోయాయి. లాంచీ వెళ్ళిపోయి అరగంట దాటినా నీళ్ళు అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాయి. తెరమీద పడవలు ఎగిరెగిరి పడుతున్నాయి.

వెంకటనారాయణగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "ఏవండీ, సముద్రంలోకి పోయిన అల అక్కడినుంచి తిరిగొస్తోందేమిటండీ? అక్కడ గోడేమన్నా కట్టారా?"

"కట్ట పెట్టిన సార్. నాలుగు దిక్కుల."

"దేనికండీ?"

దేనికంటే లింగమూర్తి ఏం చెబుతాడు? అతను పుట్టి పెరిగిన చోట నీళ్ళన్నవాటికి కట్ట లేకుండా ఉండదు. కట్ట లేకపోతే అవి నీళ్ళు కావు, వరద. పటం కాగితం ఎక్కడ ముగిసిందో అక్కడ అతని చేయి తనంతట తానే నాలుగుసార్లు KATTA అని రాసేసింది. తప్పేమో అని అనుమానం కూడా రాలేదు.

"మీరు సముద్రం ఎప్పుడు చూశారండీ?" అని పెద్దాయన మామూలుగానే అడిగారు.

రవీందర్ గాభరాగా ఏదో అనబోయాడు. లింగమూర్తి అప్పటికే తల దించుకున్నాడు. "చూడలే సార్."

వెంకటనారాయణగారు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, ఆపుకోలేని నవ్వు. ముప్ఫై ఏళ్ళలో సముద్రానికి కట్ట కట్టిన మొనగాణ్ణి చూడలేదన్నారు. పదకొండు కుర్చీలూ ఇటు తిరిగి నవ్వాయి. లింగమూర్తికి ఆ క్షణాన నేల చీలి లోపలికి పోవాలనిపించింది. అయితే మూడో అంతస్తు కనక ఆ సౌకర్యం లేదు.

పోతూ పోతూ పెద్దాయన పటం వెనక పెన్సిల్‌తో గీసి చెప్పారు. "తూర్పు సముద్రం, అటు హద్దు లేదు. పడమర ఏరు లోపలికి పోతుంది, అదీ అంతే. దక్షిణం ఒడ్డు బురద, మడచెట్లు. జెట్టీ అక్కడే ఉంది. ఇహ ఉత్తరం ఒడ్డున రాతిగోడ. అది నేనే దగ్గరుండి కట్టించానండీ, రిటైరయ్యే ఏడాది, మూడేళ్ళయింది. అప్పటినుంచి ఆ ఒడ్డు కోసుకుపోవడం ఆగింది. శనివారం వస్తాను. సరిచేస్తే చూస్తాను."

ఆయన లిఫ్టు ఎక్కగానే రవీందర్ వచ్చి బల్లమీద కూర్చున్నాడు. "శనివారం దాంక చూస్త మూర్తన్నా. కాకుంటే సోమవారం నుంచి నువ్వు వైటుకేల కూసుంటవ్. నాకు ఇంకో తొవ్వ లేదు."

ఇంట్లో ఈ సంగతి చెబితే లింగమూర్తి భార్య కళ్యాణి కుట్టు మిషన్ ఆపి, సూది తీసి పక్కన పెట్టి మరీ నవ్వింది. నవ్వుతూ కింద కూర్చుంది.

"సముద్రానికి కట్ట కట్టినవా? తూము కూడ పెట్టకపోయినవా, పొలాలకు పారేది."

"నవ్వకు. నౌకరీ పోయేటట్టున్నది."

"పోతే పోతది. ముందుగాల ఇది చెప్పు. కట్ట లేకుంటే అల ఏడికి పోతది?"

"అదే సమజైతలేదు. నా కాయితం ఆడికే అయిపోతది. అయిపోయినకాడ అలను ఏం చెయ్యాలె?"

నిజానికి అంతా అక్కడే ఉంది. సముద్రానికి అంతు లేకపోవచ్చు, కంప్యూటర్‌కి ఉంది. గళ్ళు ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగినచోట అల తిరిగి రాకూడదు. లింగమూర్తి బుధవారమంతా తల గోక్కున్నాడు. పేజీలు తిరగేశాడు. సాయంత్రానికి కోఠీ పుస్తకంలోని చివరి అట్ట కూడా చదివేశాడు.

గురువారం పొద్దున్నే ఆఫీసుకు పోయే ముందు దుర్గం చెరువు దగ్గర స్కూటర్ ఆపాడు. వెనక సీటు మీద కళ్యాణి ఉంది. వేడుక చూడకుండా ఇంట్లో ఎట్ల కూసుంట అని ఎక్కి కూర్చుంది. చెరువుకి ఒకవైపు నిట్టనిలువు బండలు, ఇంకోవైపు మనిషెత్తు తుంగ. మాదాపూర్ కొమురయ్య బర్రెల్ని నీళ్ళలోకి తోలుతున్నాడు. లింగమూర్తికి ఆయన చిన్నప్పటినుంచి ఎరిగినవాడే.

"కొమురయ్య మామా, నీ బర్రె ఒకటి జర గీ కొస నుంచి గా కొసకు ఈదాలె. సీదా పోవాలె, నడుమ ఆగొద్దు."

"గా ముచ్చట నాకెందుకు చెప్తున్నవు, బర్రెకు చెప్పు," అన్నాడు కొమురయ్య. మెడలో కార్డు, ఇస్త్రీ చొక్కా ఉన్న మనిషి ఇలా అడుగుతుంటే ఎండకేమైనా అయిందేమోనని కళ్యాణి వైపు చూశాడు. ఆమె పైటకొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

మొదటి ఓడ నడిమధ్యలో ఆగి ఆలోచనలో పడింది. రెండో ఓడ బయల్దేరిన చోటికే తిరిగొచ్చి లింగమూర్తి ప్యాంటు తడిపింది. మూడోది దూడ గల బర్రె. దూడను కొమురయ్య అవతలి ఒడ్డున నిలబెట్టేసరికి అది పైలట్ అక్కర్లేకుండా సూటిగా పోయింది. దాని మెడ దగ్గరినుంచి అలలు రెండు పాయలుగా విచ్చుకున్నాయి. ఒక పాయ బండలకి తగిలి వెనక్కి వచ్చింది. రెండో పాయ తుంగలోకి దూరింది. ముందు వరసలోని తుంగ బాగా ఊగింది, వెనక వరస కొంచెం ఊగింది, ఆ వెనకది ఊగీ ఊగనట్టు ఊగింది. అంతే. అల మళ్ళీ బయటికి రాలేదు.

లింగమూర్తి చాలాసేపు అలాగే నిలబడిపోయాడు. ఇది అతనికి పదేళ్ళప్పుడే తెలుసు. తుంగలో గాలం వేస్తే బెండు కదలదని ఆ ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చోగానే మరిచిపోయాడు. తన మీద తనకే కోపం వచ్చింది, ఆ వెంటనే పిచ్చి సంతోషం కూడా వచ్చింది.

"గింత దానికి పొద్దుగాల్నే బర్రెలను పరేషాన్ చేసినవ్," అంది కళ్యాణి.

ఆ రోజు ప్రోగ్రాంలో TUNGA అనే కొత్త ముక్క పుట్టింది. సముద్రం వైపు, ఏటి వైపు, మడచెట్ల వెనకా కట్టలు తీసేసి, ఒక్కోచోట నలభై వరసల గళ్ళు తుంగకి కేటాయించాడు. ఒక్కో వరస అల ఎత్తులో కొంచెం కొంచెం తినేయాలి. మొదటిసారి తుంగ మరీ చిక్కగా పెట్టాడు. అల దానికీ కొట్టుకుని వెనక్కొచ్చింది. అప్పుడు అర్థమైంది: అలను ఆపకూడదు, అలిసిపోనివ్వాలి. పలచగా మొదలుపెట్టి పోనుపోను చిక్కగా చేశాడు. శుక్రవారం మధ్యాహ్నానికి సముద్రంలోకి పోయిన అలలు సముద్రంలోనే పోయాయి. లింగమూర్తి కుర్చీలోంచి లేచి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. ఇహ వైటుకే తప్పినట్టే అనుకున్నాడు.

అనుకుని వెనక్కి తిరిగేసరికి తెరమీద జెట్టీ దగ్గర పడవలు ఎగిరిపడ్డాయి.

లాంచీ దాటిపోయి నిమిషన్నర అయింది. మొదటి అల ఎప్పుడో జెట్టీని దాటి మడచెట్లలోకి పోయి చల్లబడింది. మరి ఇదెక్కడిది? అతను మళ్ళీ నడిపి, ఈసారి ఆ అల ఒక్కదాన్నే పట్టుకుని వెనక్కి వెళ్ళాడు. అది లాంచీ అవతలి పక్కన లేచింది. ఉత్తరం ఒడ్డుకి పోయింది. అక్కడ అతను ఉంచిన ఒకే ఒక్క కట్టకి తగిలి, ఏరు మొత్తం అడ్డంగా దాటి జెట్టీకి వచ్చింది. అనుమానం తీరక ఆ కట్ట తీసేసి తుంగ పెట్టి చూశాడు. పడవలు కదలకుండా ఉన్నాయి. కట్ట పెట్టాడు. ఎగిరిపడ్డాయి.

మునుపటి రెండు సంస్థలూ ఎందుకు పట్టుకోలేదో కూడా తెలిసింది. రవీందర్ దగ్గరున్న వాళ్ళ రిపోర్టులు తిరగేస్తే, వాళ్ళు గోడ కట్టకముందు నాటి పాత పటం వాడారు. గోడ వయసు మూడేళ్ళు. ఫిర్యాదు వయసూ మూడేళ్ళే. ఆ గోడ దగ్గరుండి కట్టించిందెవరో గుర్తొచ్చేసరికి లింగమూర్తి లేచి సరాసరి రవీందర్ బల్ల దగ్గరికి పోయాడు.

రవీందర్‌కి చెప్పాడు. రవీందర్ రెండు బొమ్మలూ చూశాడు. ఒకటి గోడ ఉన్నది, రెండోది గోడ లేనిది.

"మూర్తన్నా, నువ్వు గొప్పోనివే. గిప్పుడు ఒక్కటి చెయ్యి. రేపు గా గోడ లేని బొమ్మ చూపెట్టు. అలలు వాపస్ వస్తలేవు, సారు ఖుష్. పడవలకేం గాలే, ఆయన ఇంక ఖుష్. పని మనకే ఉంటది, నీ కుర్చీ నీకుంటది."

"గోడ ఉన్నది కదనే ఆడ."

"ఉంటే ఉండనియ్. ఆయన కట్టిన గోడ ఆయన మీదికే ఎత్తి చూపెడ్తవా? గొడుగు పట్కొని పోతడు, మళ్ళ రాడు. నువ్వు సోమవారం ఆ వరసల కూసుంటవ్. నేను బెదిరిస్తలేను, ఉన్నది చెప్తున్న."

రవీందర్ చెడ్డవాడు కాదు. అతను చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు. లింగమూర్తి రెండు బొమ్మల్నీ రెండు ఫైళ్ళుగా దాచి, ఒకటి, రెండు అని పేర్లు పెట్టాడు. ఆ పూట అన్నం ముందు కూర్చుని, ఏది చూపించాలో తేల్చుకోలేక, మంచినీళ్ళ గ్లాసులో పచ్చడి కలిపాడు.

శనివారం పదకొండు గంటలకి వెంకటనారాయణగారు వచ్చారు. మంగళవారం నవ్వినందుకు కొంచెం మొహమాటపడుతున్నట్టున్నారు, వస్తూ పుల్లారెడ్డి మిఠాయి పెట్టె తెచ్చారు. "ఏవండీ, కట్టలు తెంచారా?" అని కూర్చున్నారు. రవీందర్ ఆయన వెనక నిలబడి లింగమూర్తికి రెండు వేళ్ళు చూపించాడు. రెండో ఫైలు అని అర్థం. లింగమూర్తి తలూపాడు. అప్పటికి అతను రెండోదే చూపించదలిచాడు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పుకోవాలి కదా. కుర్చీ మీద మమకారం అంత తేలిగ్గా పోదు.

"మీరేం కంగారు పడకండి," అన్నారు వెంకటనారాయణగారు. "నాకు కావలసింది చిన్న మాట. లాంచీ వల్ల ఏమీ కాదు, మా పడవలవాళ్ళకి తాళ్ళు ముడివేయడం రాదు. అది మీరు కూడా తేల్చేస్తే గొడవ వదిలిపోతుంది. తాగి పడుకుంటారండీ, ముడి సరిగ్గా పడదు. పొద్దున్నే లేచి పడవ పగిలిందని నా మీద పడతారు."

లింగమూర్తి చేయి ఆగింది. సముద్రం ఎరగనంత మాత్రాన తనని చూసి పదకొండు కుర్చీలు నవ్వినప్పుడు ఎలా ఉందో అతనికి ఇంకా ఒంట్లోంచి పోలేదు. అక్కడ ఎవరో, ముడులు తెలిసినవాళ్ళు, మూడేళ్ళుగా అదే అవమానం పడుతున్నారు. అతను ధైర్యం తెచ్చుకున్నాడని చెప్పలేను. కానీ మొదటి ఫైలు తెరిచాడు. రవీందర్ కళ్ళు మూసుకున్నాడు.

లాంచీ పోయింది. అలలు సముద్రంలోకి పోయి తిరిగి రాలేదు. "బావుందండీ," అన్నారు పెద్దాయన. మొదటి అల జెట్టీని తాకి పడవల్ని కొంచెం పక్కకి తిప్పి వెళ్ళిపోయింది. "చూశారా, అంతే." నిమిషన్నర గడిచింది. ఉత్తరం నుంచి వచ్చిన అల, పక్కకి తిరిగి ఉన్న పడవలకి అడ్డంగా తగిలింది.

వెంకటనారాయణగారు తెరవైపు ఇంకొంచెం వంగారు. ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు; నీళ్ళు ఎటునుంచి వచ్చాయో ఆయన చూశారు. తాళ్ళు వదులైన సమయంలో అడ్డంగా తగిలితే పడవ ఏమవుతుందో ఆ గదిలో ఆయనకే ఎక్కువ తెలుసు.

"అది..." అని వేలితో తెర మీద ఉత్తరం ఒడ్డుని తాకారు. "ఇది నా గోడేనాండీ?"

"అవును సార్."

రవీందర్ ఇక ఆగలేకపోయాడు. "సార్, అది జస్ట్ ట్రయల్. గోడ తీసేసిన బొమ్మ ఇంకోటి ఉంది. రిపోర్టులో అదే ఇస్తాం."

"తీస్తే కంప్యూటర్లనే పోతది సార్," అన్నాడు లింగమూర్తి. "ఆడ పోదు."

పదకొండు కుర్చీల్లో ఎవరూ సంవత్సరాలు దిద్దడం లేదు. పెద్దాయన మళ్ళీ నడిపించమన్నారు. నడిపించాడు. గోడ తీసి నడిపించమన్నారు. నడిపించాడు. మూడోసారి గోడ పెట్టించి, పడవలు ఎగిరిపడే దగ్గర ఆపమన్నారు. ఆ ఆగిన బొమ్మని చాలాసేపు చూశారు. ఆయన ముఖం చూస్తుంటే లింగమూర్తికి జాలేసింది. తాను గెలిచానని తెలుస్తోంది, కానీ సంబరపడబుద్ధి కాలేదు.

"రిపోర్టు ఇదే ఇవ్వండి," అన్నారు చివరికి. రవీందర్ దగ్గర పెన్ను తీసుకుని, బల్లమీదున్న రిపోర్టు ముసాయిదా కాగితం మీద కారణం అన్న చోట ఉత్తరం ఒడ్డు రాతిగోడ అని తన చేత్తోనే రాసి, కట్టించింది నేను అని చేర్చి, సంతకం పెట్టారు. "వానాకాలం ముందు ఆ గోడకి అడుగున రాళ్ళు వాలుగా పోయించాలి. అల చచ్చేట్టు ఎంత వాలు కావాలో ఈయనే లెక్కగట్టాలి. ఇంకెవరికీ ఇవ్వకండి ఈ పని." రవీందర్ కళ్ళు తెరిచాడు. కిటికీ పక్క కుర్చీని మరి ఎవరూ జరపలేదు.

లింగమూర్తి ఆయన్ని లిఫ్టు దాకా దిగబెట్టడానికి వెళ్ళాడు. పెద్దాయన మీట నొక్కి గొడుగు మీద ఆనుకుని నిలబడ్డారు.

"మునిస్వామి అని ఒకడున్నాడండీ," అన్నారు. "వాడిదే అన్నిటికంటే ఎక్కువ పగిలింది. తాడు ముడివేయడం రానివాడికి జెట్టీ ఎందుకని మూడు నెలలు వాణ్ణి అక్కడ పడవ కట్టనివ్వలేదు నేను. ముందు వాడికి చెప్పాలి. చదువు లేదు పాపం. ఈ గళ్ళూ రంగులూ చూపించి ఎలా చెబితే అర్థమవుతుందంటారు?"

"ఆయన మీతోని ఏమని చెప్పేటోడు సార్?"

"ఏముందీ, ఎప్పుడూ ఒకటే మాట. లాంచీ పోయాక గోడ కాడినుంచి నీళ్ళొచ్చి కొడుతున్నాయి బాబూ అని."

లింగమూర్తి తలెత్తి ఆయన వైపు చూశాడు. "మరి ఆయనకు సమజ్ చేసేది ఏమున్నది సార్?"

లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. వెంకటనారాయణగారు ఎక్కలేదు. తలుపులు మూసుకుని లిఫ్టు ఖాళీగా కిందికి పోయింది. ఆయన అక్కడే నిలబడి, జేబులోంచి రుమాలు తీసి, ఈసారి కళ్ళజోడు కాదు, ముఖం తుడుచుకున్నారు.